అటకెక్కిన పేజీలు

యంత్రాల గది,
ఆనవాళ్ల ఆఫీసు వెనక భాగం

వదినకు,

నీ కార్డు వచ్చింది. "నిద్రపోతున్నావా రేడియో?" అని ఒక్క ముక్క రాసి మిగతా కార్డంతా ఖాళీగా వదిలేశావు. ఆ ఖాళీయే ఎక్కువ తిట్టింది. ఫోన్ చేసి చెబుదామంటే నీ చెవులు పనిచేయవు. నేను గొంతు చించుకున్నా ఈ గదిలో ఫ్యాన్ల హోరు తప్ప నీకు చేరేదేమీ ఉండదు. కాబట్టి మనిద్దరికీ కాగితమే దిక్కు.

మొదటినుంచీ చెబుతాను, విసుక్కోకు. లాంచీ మునిగాక దొరికినవాళ్లలో మొహం చూసి పోల్చుకోలేని వాళ్లందరినీ ఈ ఆఫీసువాళ్లు పెట్టెల్లో సర్ది చల్లటి గదిలో ఉంచారు. పెట్టెకో నంబరు. ఒక్కొక్కరి ఎముక ముక్క తీసి పరీక్షించి, వచ్చిన లెక్కని నా సర్వర్లో పెట్టారు. కావలసినవాళ్ల రక్తం తీసి దాని లెక్కనీ పెట్టారు. ఏ పెట్టె ఏ ఇంటిదో పోల్చి చెప్పడం దాని పని. తల్లో, తండ్రో, కన్నబిడ్డో రక్తం ఇచ్చిన ఇళ్లకి పోలిక తేలిగ్గానే కుదిరింది, వాళ్లొచ్చి తమవాళ్లని తీసుకెళ్లిపోయారు. మిగిలింది మనలాంటి వాళ్లం. పెద్దలు పోయి, పిల్లలు లేక, తోబుట్టువు తప్ప ఎవరూ లేనివాళ్లం. నువ్వు అన్నయ్యతో ఎన్నేళ్లు కాపురం చేసినా నీ రక్తం ఈ పనికి రాదు. అన్నయ్య కోసం ఇచ్చింది నా రక్తమే. అన్నదమ్ముల పోలిక గజిబిజి వ్యవహారం. అమ్మ దగ్గర్నుంచి వాడికి వచ్చినవన్నీ నాకు రాలేదు, నాకు వచ్చినవన్నీ వాడికి రాలేదు. మూతి కలిస్తే ముక్కు కలవదు. అందుకని అందరినీ ఒకేసారి ముందు పెట్టుకుని తూకం వెయ్యాలి. ఆలస్యం అక్కడే.

నా రేడియో దుకాణం గుర్తుందా? బల్ల ఇంతే ఉండేది. ఎక్కువ సెట్లు వస్తే, చాలాకాలంగా నేను ముట్టుకోని సెట్టు ఏదో చూసి, మరలన్నీ గుడ్డలో మూటకట్టి అటక మీద పెట్టేవాణ్ణి. దాని యజమాని వస్తే నిచ్చెన వేసుకుని దించాలి, దానికి చోటివ్వడానికి ఇంకోదాన్ని ఎక్కించాలి. సర్వర్ కూడా అంతే. దాని బల్ల పేరు మెమరీ. చాలా చిన్నది, కానీ దాని మీద పని చిటికెలో అవుతుంది. దాని అటక డిస్కు. ఉన్న సరుకునంతా పేజీలుగా కోసి, ఎవరూ అడగని పేజీల్ని అటకెక్కిస్తుంది. ఆ అటకని స్వాప్ అంటారు. యంత్రానికి పక్షపాతం లేదు వదినా. ఎవరూ అడగలేదంటే అక్కర్లేదనుకుంటుంది, అంతే.

అన్నట్టు ఒకాయన ఉండేవాడు, సైకిళ్ల దుకాణం ఆయన. తన సెట్టు అటకెక్కిందని తెలిసి రోజూ పొద్దున్నే వచ్చి "మనది ఎక్కడిదాకా వచ్చిందోయ్" అని గుమ్మంలో నిలబడేవాడు. ఆ పోరు పడలేక ఆయన సెట్టుని ఎప్పుడూ బల్ల మీదే ఉంచేవాణ్ణి. బాగుచేశానా అంటే లేదు. బల్ల మీద మాత్రం ఉండేది.

ఓపిక పట్టు. పోలిక మొదలైంది.

మరిది


కుట్టు దుకాణం,
రేవు వీధి

రేడియోకి,

ఒక్క ముక్క అడిగితే రామాయణం రాశావు. మీ అన్న ఉంటే "వీడికి స్టేషన్లు పట్టడమే తెలుసు, కట్టెయ్యడం తెలీదు" అనేవాడు. అయినా నాలుగుసార్లు చదివాను. ఇంజను గదిలోంచి నూనె చేతుల్తో వచ్చి నా కొత్త గుడ్డల మీద చెయ్యి వేసేవాడు చూడు, ఇప్పుడు ఆ మరక కోసం తానులన్నీ తిరగేస్తున్నాను. ఒక్కటీ మిగల్లేదు, అన్నీ నేనే ఉతికి పారేశాను.

నీ ఉత్తరంలో నాకు బాగా అర్థమైంది సైకిళ్లాయన సంగతి. గట్టివాడు. అడగందే అమ్మైనా పెట్టదు, నువ్వెంత. మనవాడి పేజీ ఇప్పుడు అటక మీదే ఉండి ఉంటుంది. అతన్ని అడగడానికి పిల్లలా, పెద్దలా? నీకూ నాకూ తప్ప ఎవరికి పట్టింది?

పక్క ఫోటో స్టూడియో ఆవిడ నా ఫోన్లో మీ ఆఫీసు కిటికీ తెరిచి చూపించింది. రక్తం తీసినప్పుడు మన ఇంటికిచ్చిన నంబరు కొడితే "పోలిక జరుగుతోంది" అని వస్తుంది. నేను వినలేను గానీ చూడగలను కదా. ఆ మాట చూస్తే, ఎక్కడో ఎవరో అతని కోసం చెయ్యి కదిలిస్తున్నట్టు ఉంటుంది. పొద్దున షట్టర్ ఎత్తగానే ఒకసారి అడుగుతున్నాను. మధ్యాహ్నం మిషన్‌కి నూనె వేసేటప్పుడు ఇంకోసారి. ఇక నువ్వు నిశ్చింతగా ఉండు, మీ అన్నని నేను అటకెక్కనివ్వను.

టికెట్లక్క నిన్ను అడిగానని రాయమంది. లాంచీలో టికెట్లు కొట్టే అతని అక్క. ఆవిడకీ వెనకా ముందూ తమ్ముడొక్కడే.

వదిన


యంత్రాల గది

వదినకు,

మంచి కబురేమీ లేదు. ఉన్న చెడ్డ కబురు తిన్నగా చెప్పేస్తే ఉత్తరం రెండు వాక్యాల్లో అయిపోతుంది, అందుకని కొంచెం చుట్టు తిప్పి చెబుతాను.

ఇక్కడ ముగ్గురం. నేను సర్వర్‌ని చూసుకుంటాను. పోలిక ప్రోగ్రామ్ రాసినమ్మాయి ఎక్కడో వేరే ఊళ్లో కూర్చుని ఉంటుంది, ఆమెని నేను ప్రోగ్రామమ్మ అంటాను, ముందు కోపం తెచ్చుకుని తర్వాత అలవాటు పడింది. మా ఇద్దరి మీదా పెద్దసారు. మంచివాడే. ఎప్పుడూ కడుపునొప్పి ఉన్న మొహం.

యంత్రం వారంగా రొప్పుతోంది. డిస్కు లైటు ఆరడం లేదు. అంటే ఎక్కే గుమ్మం, దిగే గుమ్మం. ఒక పేజీని అటక మీంచి దించేలోపు ఇంకో పేజీ కావలసి వస్తుంది, దానికోసం ఇప్పుడే దించినదాన్ని మళ్లీ ఎక్కిస్తుంది. నిచ్చెన అరుగుతోంది గానీ ఒక్క రేడియో బాగుపడటం లేదు. ఎందుకిలా ఉన్నట్టుండి మొదలైందో నాకు తెలియడం లేదు. పోయిన నెల ఇంత లేదు. పోలిక ఒక్కటే నడుస్తుంటే ఈ బల్ల ఇరుకే గానీ, అటక సాయంతో చాలాలి.

అసలు కబురు ఇది. బల్లా నిండి అటకా నిండితే, యంత్రం లోపల ఒక తలారి నిద్ర లేస్తాడు. అందరూ చచ్చే బదులు ఒకడు చస్తే మేలని, ఎక్కువ చోటు తింటున్నవాడెవడో చూసి వాడి పీక నొక్కేస్తాడు. మా దగ్గర పోలిక కంటే ఎక్కువ చోటు తినేవాడెవడు? నిన్న దాన్నే చంపేశాడు. ఎక్కడిదాకా వచ్చిందో మధ్యమధ్యలో గుర్తుపెట్టుకోవడం ఆ ప్రోగ్రామ్‌కి చేతకాదు. నేర్పమంటే ప్రోగ్రామమ్మ, మొత్తం తిరగరాయాలి బాబాయ్ అంది. మళ్లీ మొదటినుంచీ నడిపిస్తున్నాం.

మెమరీ ఇంకాస్త తగిలిద్దామంటే ఈ మోడల్‌కి ముక్కలు తయారుచేయడం మానేశారు. అటక పెంచుదామా అంటే, అటక పెంచితే ఎక్కించేది పెరుగుతుంది, బల్ల పెరగదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. చల్లటి గది ఇంకో పనికి కావాలట. వానలు మొదలయ్యేలోపు ఖాళీ చెయ్యమని పైనుంచి వచ్చింది. అప్పటికి ఏ ఇంటిదో తేలని పెట్టెలన్నీ ఆఫీసు వెనక మైదానంలో ఒకే గోతిలో, పెట్టె మీద పెట్టె. ఒకసారి పూడ్చాక తవ్వకూడదని ఉత్తర్వు. పెద్దసారు అది చదివి వినిపించి, "నాకేం చెప్పకండి, నాకు తెలుసు" అన్నాడు.

మరిది


కుట్టు దుకాణం

రేడియోకి,

గొయ్యి సంగతి చదివి దుకాణం మూసేసి కూర్చున్నాను. కాసేపే. స్కూలు డ్రెస్సులవాళ్లు తలుపు కొట్టి ఉంటారు, నాకు వినపడక పోయుంటుంది.

ఇలా చేతులు ముడుచుకుని కూర్చునేవాళ్లం కాము. నీకు ధైర్యం చెప్పే మాట ఒకటుంది, పని అయ్యాక చెబుదామని ఇన్నాళ్లూ దాచాను. నీ మొదటి ఉత్తరం నేను టికెట్లక్కకి చదివి వినిపించాను. ఆవిడ తన పేజీ కోసం అడగడం మొదలుపెట్టింది. ఆవిడ ఇంకో ఇద్దరికి చెప్పింది. రేవు మెట్ల మీద కూర్చునే మాటలు తెలుసుగా, నీళ్ల కంటే ముందు పారతాయి. ఇప్పుడు తోబుట్టువులు మిగిలిన ఇళ్లన్నిటికీ తెలుసు. వేరే ఊళ్లలో ఉన్నవాళ్లకి కూడా కబురు పెట్టాం. ఒకళ్ల పేజీ ఒకళ్లు కూడా అడుగుతున్నాం. పనికిపోయేవాళ్లకి వీలుపడకపోతే వాళ్ల నంబరు మేం కొడతాం. ఫోటో స్టూడియో ఆవిడ అయితే కంప్యూటర్లో ఏదో పెట్టింది, అది దానంతటదే అడుగుతూ ఉంటుంది, ఆగదు. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి ఎవరో ఒకరు అడగని క్షణం లేదు.

టికెట్లక్క మొన్న నవ్వింది. లాంచీ మునిగాక ఆవిడ పళ్లు చూడటం అదే మొదలు. "బతికున్నప్పుడు వాణ్ణి రోజుకి ఇన్నిసార్లు పలకరించలేదే" అంది. నేను పెదాలు చూసి చదువుకున్నాను.

కాబట్టి నువ్వు దిగులు పడకు. మీ యంత్రం అలిసిపోతే తిట్టి లేపు. మా వైపు నుంచి ఏ పేజీ అటకెక్కదు.

వదిన


యంత్రాల గది

వదినకు,

నీ ఉత్తరం చదివి మూడుసార్లు జవాబు మొదలుపెట్టి చింపాను. ఇది నాలుగోది.

తప్పు నాది. అది ముందు రాసేసి తర్వాత సంగతి రాస్తాను. సైకిళ్లాయన కథ నేను రాయకుండా ఉండాల్సింది. కథ చెప్పేవాడికి ఎక్కడ ఆపాలో తెలియాలి. అన్నయ్య అన్నది నిజం, నాకు కట్టెయ్యడం తెలీదు.

మీరు నంబరు కొట్టినప్పుడు ఇక్కడ ఏమవుతుందో విను. కిటికీ దగ్గరికి ఎవరొచ్చినా యంత్రం ఒక గుమాస్తాని పుట్టిస్తుంది. ఆ గుమాస్తా ఉత్త చేతుల్తో రాడు. ఒక్క పేజీ చూసి చెప్పడానికి మొత్తం దస్త్రమంతా చంకలో పెట్టుకుని బల్ల మీద కూర్చుంటాడు. జవాబు చెప్పాక కూడా వెంటనే లేవడు, ఇంకెవరైనా అడుగుతారేమోనని కాసేపు చూస్తాడు. ఒక గుమాస్తా అయితే ఫర్వాలేదు. మీరు పొద్దస్తమానం ఊరూరా అడుగుతుంటే బల్ల నిండా గుమాస్తాలే. పోలికకి చోటు లేక దాని పేజీలన్నీ అటకెక్కుతున్నాయి. అప్పుడు తలారి లేస్తున్నాడు. గుమాస్తాలు చిన్నవాళ్లు, వాళ్ల జోలికి పోడు. పోలిక పీకే నొక్కుతున్నాడు. మొన్న మళ్లీ నొక్కాడు. అది నీకు రాయలేదు.

మీరు అడిగేది చూపించే కాగితాన్ని, వదినా. వెతికే చేతిని కాదు. అడగడం వల్ల వెతకడం జరగదు. ఈ ముక్క నేను ముందే రాసి ఉంటే బాగుండేది. బాగుచేశానా అంటే లేదు అని రాశాను గానీ, అది నవ్వడానికి రాసినట్టు రాశాను.

పెద్దసారుకి చెప్పి కిటికీ మూయించమన్నాను. ఆయన చాలాసేపు బల్ల మీది పేపర్‌వెయిట్ తిప్పి, "వాళ్లకున్నది అదొక్కటే కదండీ, దాన్నీ మనమే మూస్తే ఎలా" అన్నాడు. కిటికీ తెరిచే ఉంది. నువ్వే చెప్పి ఆపించు. ఎలా చెబుతావో నీ ఇష్టం. వాళ్లు అడగడం వల్లే చెడిందని మాత్రం చెప్పకు.

మరిది


కుట్టు దుకాణం

రేడియోకి,

నేను ఆపేశాను. ఉత్తరం చదివిన పూటే ఫోన్ తీసి మిషన్ సొరుగులో పడేశాను.

మిగతావాళ్లకి మీ యంత్రానికి విశ్రాంతి కావాలని చెప్పాను. కొందరు ఆపారు. స్టూడియో ఆవిడ తన కంప్యూటర్లోది తీసేసింది. కొందరు సరే సరే అని తలూపి మెట్ల చివరికి వెళ్లి కొంగు చాటున కొడుతున్నారు, నాకు కనపడుతూనే ఉంది. టికెట్లక్క అయితే మొహం మీదే అంది, "నువ్వు ఆపు తల్లీ, నీకు మరిది లోపలే ఉన్నాడు. నేనూ మానేస్తే వాణ్ణి అడిగేదెవరు?"

దీనికి నేనేం చెప్పను? నీ దగ్గర కథ ఏమన్నా ఉంటే పంపు. వద్దులే, పంపకు.

వదిన


యంత్రాల గది

వదినకు,

ఈసారి నీకు శుభవార్త. ప్రోగ్రామమ్మ కిటికీని మార్చేసింది. ఇప్పుడక్కడ గుమాస్తా ఎవడూ లేడు, ఉత్త బోర్డు. పొద్దున ఒకసారి రాసి పెడతాం, ఎంతమంది చూసినా మా బల్లకి బరువు లేదు. టికెట్లక్కని చూసుకోమను, కళ్లు నొప్పెట్టేదాకా చూసుకోమను.

పోలిక నడుస్తోంది. అదీ ఎలా? గుర్రంలా. స్వాప్ పూర్తిగా కట్టేశాం, అటకకి తాళం. ఉన్నదంతా బల్ల మీదే. డిస్కు లైటు ఆరిపోయి ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను. ఇన్నాళ్లూ ఆ చిన్న ఎర్ర చుక్క మిణుకు మిణుకుమంటుంటే నా కన్ను కూడా దానితోపాటు కొట్టుకునేది. వానల్లోపే అయిపోతుందని ప్రోగ్రామమ్మ లెక్క కట్టింది.

కొత్తగా ఒక ఫ్యాను కూడా పెట్టించాం. పాత ఫ్యాను ఎలా అరిచేదంటే, మన వీధిలో పిండిమర ఉండేది చూడు, ఆ మర యజమానికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే నిద్రపట్టేది కాదట, భార్యని పక్కన కూర్చుని ఏదో ఒకటి దంచమనేవాడట. ఆవిడ ఒకరోజు ఆయన కళ్లజోడు దంచింది. అది వేరే సంగతి. నువ్వు వేళకి తింటున్నావా? చత్వారం కళ్లద్దాలు మార్పించుకున్నావా? సూదిలో దారం ఎక్కించడానికి పక్కవాళ్లని పిలుస్తున్నావని విన్నాను.

ఇంకేం విశేషాల్లేవు.

మరిది


కుట్టు దుకాణం

రేడియోకి,

నీ పిండిమర కథ చదివాను. నవ్వు రాలేదు. నువ్వు ఏదైనా దాస్తే కథ పొడుగవుతుందని నాకు మా పెళ్లప్పటి నుంచీ తెలుసు. అన్నదమ్ములిద్దరిలో ఆయన అబద్ధమాడితే మాట తగ్గేది, నువ్వాడితే మాట పెరుగుతుంది.

నాకు పెద్ద చదువు లేదు, మీ పేజీలూ అటకలూ నాకు తెలీవు. గుడ్డ తెలుసు. మొన్నటిదాకా పట్టనిది ఇవాళ బల్ల మీద ఎలా పట్టింది? బల్ల పెరగదని నువ్వే రాశావు. గుమాస్తాలు లేచిపోతే కొంత చోటు వచ్చుండొచ్చు. కానీ వాళ్లు రాకముందు కూడా ఆ బల్ల ఇరుకేనని నువ్వే అన్నావు. పొట్టి గుడ్డలో పొడుగు చొక్కా కుట్టానని ఎవడైనా చెబితే, ఎక్కడ కోశావురా అని అడుగుతాను. నువ్వేం కోశావు?

ఇవాళ సొరుగులోంచి ఫోన్ తీసి బోర్డు చూశాను. టికెట్లక్క నంబరు పక్కన "దొరికింది" అని ఉంది. ఆవిడ చదివి నమ్మక, నా చేత రెండుసార్లు చదివించింది. ఇంకో ఇద్దరికి "దొరకలేదు" అని ఉంది. మన నంబరు పక్కన ఆ రెండూ లేవు. "పోల్చలేదు" అని ఉంది.

దొరకలేదంటే వెతికారని. ఇది వేరు కదా? ఏమిటిది?

వదిన


యంత్రాల గది

వదినకు,

చెబుతాను. చుట్టు తిప్పను.

పోలిక రెండోసారి చచ్చేసరికి మళ్లీ మొత్తం నడిపే వ్యవధి లేదు. అటకతో నడిస్తే వానలు దాటిపోతుంది. అటక లేకుండా నడవాలంటే బల్ల మీద అందరూ పట్టరు, సగం ఇళ్లే పడతాయి. ఆ సగమైనా తేలుతుంది. ఇదీ ప్రోగ్రామమ్మ చెప్పిన దారి. ఇంకో దారి కోసం ముగ్గురం చాలా కొట్టుకున్నాం. లేదు.

ఏ సగం అన్నది ఎవరు చెప్పాలి? పెద్దసారు చీటీలు వేద్దామన్నాడు. చీటీలు రాయడానికి కూర్చుని పేర్లు చూసి లేచిపోయాడు. "మీరు లోపలి మనిషి, మీకు తెలుస్తుంది, చేసెయ్యండి" అని నాకు వదిలేసి వెళ్లాడు. ప్రోగ్రామమ్మ ఫోన్లో ఏడ్చింది.

నేను తెర ముందు కూర్చున్నాను. చెయ్యి ఆడలేదు. నా మనిషిని ఉంచుకుని పరాయివాళ్ల మనిషిని తీసేస్తే, రేపు ఆ అక్కో చెల్లో గుమ్మంలో నిలబడితే ఆ మొహం నేనెలా చూడను? అందుకని మొదట నాది తీసేశాను. నా రక్తం, నా నంబరు. అది తీశాక చెయ్యి ఆడింది. తర్వాతవి తేలిగ్గానే తీశాను. చివరికొచ్చేసరికి పేర్లు కూడా చదవలేదు.

టికెట్లక్క తమ్ముణ్ణి ఉంచాను. ఆవిడ నీ ఉత్తరాల్లో నవ్వింది కాబట్టి ఉంచానేమో, చెప్పలేను.

నీకు రాయలేదు. అబద్ధం రాయలేదనుకుని సర్దిచెప్పుకున్నాను. గుర్రంలా నడుస్తోందని రాశాను, నడిచింది. మిగతా సగానికి ఇప్పుడు నడిపిద్దామా అంటే, ఆకాశం చూస్తున్నావుగా. గొయ్యి తవ్వేశారు. ఆ పని జరిగిపోయాక ఏ పెట్టె ఎవరిదో తెలిసినా ఒకటే, తెలియకపోయినా ఒకటే. నిన్న పెద్దసారుని అడిగాను, ఇంకో వారం ఆగలేమా అని. ఆయన చెయ్యలేడు. నేనూ అడగలేను ఇక.

పూడ్చేటప్పుడు వచ్చేవాళ్లని రానిస్తున్నారు. నువ్వు రావద్దు. వచ్చి చేసేది లేదు.

మరిది


కుట్టు దుకాణం

రేడియోకి,

రావద్దంటే రాకుండా ఉంటానా? వచ్చాను. టికెట్లక్క తోడొచ్చింది. తమ్ముణ్ణి తీసుకెళ్లిపోయాక ఆవిడకి అక్కడ పనేమీ లేదు, అయినా వచ్చింది. నువ్వు మేడమీద కిటికీ దగ్గర నిలబడ్డావని ఆవిడ చెప్పింది. నేను తలెత్తలేదు.

నీ ఉత్తరానికి జవాబు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మేం అడిగి అడిగి చెడగొట్టామన్నది నిజం. అందరికీ నేర్పింది నేనే. తిలాపాపం తలా పిడికెడు, అందులో నా పిడికిలి పెద్దది. దాన్ని నేను మొయ్యకుండా వదలను. కానీ అది తెలియక చేసిన పని.

నువ్వు తెలిసి చేశావు. చేసి, మంచిపని చేశాననుకున్నావు. ఊళ్లోవాళ్లు కూడా అంటారు, ఎంత ధర్మాత్ముడు, సొంత అన్నని పక్కన పెట్టి పరాయివాళ్లకి చోటిచ్చాడు అని. టికెట్లక్క అప్పుడే అంది. నీకు దణ్ణం పెడతానంది.

నువ్వు ఆ పేజీ తీసేటప్పుడు అది నీ రక్తమే అనుకున్నావు. నాది నేను తీసుకుంటే అడిగేదెవరని. రక్తం నీదే, కాదనను. దాంతో వెతకాల్సింది నా మొగుణ్ణి. నా దగ్గర ఇవ్వడానికి రక్తం లేదు, ఉంటే నీ దగ్గరికి వచ్చేదాన్నే కాదు. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే ఏమనేదాన్నో నాకే తెలీదు. తియ్యమనేదాన్నేమో. అడగలేదు. నీ చెయ్యి ఆడటానికి ఆయన్ని తీశావు.

ఇక అక్కడి సంగతి. పెట్టెలన్నీ వరసగా మైదానంలో పెట్టారు. అన్నీ ఒకే కొలత, ఒకే రంగు. ఒక్కొక్కటీ ఎత్తి లోపలికి దించుతున్నారు, సన్నగా చినుకు పడుతోంది. పక్కవాళ్లెవరో ఏదో ఒక పెట్టె ముందు నిలబడి ఏడుస్తున్నారు. వాళ్లు ఎలా ఎంచుకున్నారో తెలీదు. నేను ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. మళ్లీ ఇటు నడిచాను. ఏ పెట్టె దగ్గర ఆగి ఏడవాలో తెలియలేదు. అందుకని ఏడవకుండానే వచ్చేశాను.

మీ అన్న భార్య